జెండా పాట కాగానే బందయ్యే యాప్

ఈ కేసు రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. ఇందులో తప్పులు ఎక్కువ మావే, అందులో ఒకటి రైతు తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క రాసిచ్చే చీటీ) దాకా వెళ్ళి చివరి నిమిషంలో ఆగింది. అయినా ఆండ్రాయిడ్‌లో బ్యాక్‌గ్రౌండ్ సింక్ (ఫోన్‌లోని డేటానూ సర్వర్‌లోని డేటానూ వెనకాల కలిపే పని) రాసేవాళ్ళు ఏదో ఒక రోజు ఈ గుంతలో కాలు పెడతారు కాబట్టి రాస్తున్నాను. క్లయింట్ ఎవరో, ఏ యార్డో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, లాట్ నంబర్లూ నిజమైనవి కావు. కోడ్ సంగతులు మాత్రం జరిగింది జరిగినట్టే.

యాప్ ఏం చేస్తుంది

హనుమకొండలో మాది నలుగురం ఉండే చిన్న టీమ్. ఉత్తర తెలంగాణలోని ఒక మార్కెట్ యార్డులో మిర్చి వ్యాపారం చేసే నాలుగు అడ్తి (రైతు సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే) దుకాణాలు కలిసి పెట్టుకున్న యాప్ మా చేతికి వచ్చింది. మొదట రాసింది వేరేవాళ్ళు. మేము తీసుకున్నాక ఫోన్‌లోని డేటాబేస్ ఎస్‌క్యూలైట్, దాన్ని ముట్టుకునే కోడ్ సగం రూమ్ అనే కొత్త లైబ్రరీలోకి మార్చాం, మిగతా సగం పాత ఎస్‌క్యూలైట్ హెల్పర్‌లోనే వదిలేశాం, ‘తర్వాత చూద్దాం’ అని. ఆ ‘సగం’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

యార్డు చూడనివాళ్ళకు రెండు ముక్కలు. రాత్రి నుంచే రైతులు బస్తాలతో దిగుతారు. అడ్తి గుమాస్తా ఒక్కో రైతు సరుకుకు లాట్ నంబర్ వేసి, పేరు, ఊరు, బస్తాల లెక్క రాసుకుంటాడు. పొద్దున జెండా పాట జరుగుతుంది, అంటే ఆ రోజు ఆ రకానికి పై ధర ఎంతో అందరి ముందు పాడి తేలుస్తారు. ఏనుమాములలోనో ఖమ్మంలోనో చూసే ఉంటారు. ఆ తర్వాత ఖరీదుదారులు లాట్ లాట్‌కీ తిరిగి, కాయ విరిచి చూసి, రేటు పెడతారు. గుమాస్తా ఆ రేటు రాస్తాడు, దడవాయి (తూకం వేసేవాడు) కాంటా వేస్తాడు, చివరికి రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. మా యాప్ ఈ వరస మొత్తాన్నీ 19 ఫోన్లలో పెట్టింది. సీజన్ రోజుల్లో నాలుగు దుకాణాలకూ కలిపి 600 లాట్ల దాకా ఉంటాయి, ప్రతి ఫోన్‌లోనూ ఆ 600 లాట్లూ కనబడాలి, ఒకరు రాసిన రేటు ఇంకొకరికి చేరాలి.

చేర్చే పని బ్యాక్‌గ్రౌండ్ సింక్‌ది. ఆండ్రాయిడ్‌లో వెనకాల పనులు నడిపే వర్క్‌మేనేజర్ దాన్ని 15 నిమిషాలకోసారి నడుపుతుంది, అంతకన్నా తక్కువ గడువు అది ఎలాగూ ఒప్పుకోదు. ఒక రకానికి జెండా పాట ధర తేలగానే ఆఫీసులో ఎవరో ఒకరు అది ఎక్కిస్తారు, అప్పుడు గూగుల్ వాళ్ళ ఫైర్‌బేస్ ద్వారా అన్ని ఫోన్లకూ మెసేజ్ వెళ్తుంది, మెసేజ్ అందగానే ఫోన్ ఇంకో సింక్ మొదలుపెడుతుంది. కాగితం మీద చూస్తే చాలా బాగుంది.

ఫోన్లు మొదలయ్యాయి

ఫిబ్రవరిలో, సరుకు మీద సరుకు దిగే రోజుల్లో, ఒక పొద్దున సేటు ఫోన్ చేశాడు. "ఏం యాప్ ఇచ్చినవ్ బై, సరిగ్గ రేటు రాసే టైముకే బందైతాంది, పోరగాళ్ళు మళ్ల చిట్టాల మీద పడ్డరు." మధ్యాహ్నానికి మూడు దుకాణాల నుంచి ఇదే మాట. ఇద్దరు గుమాస్తాలు ఇంకోటి కూడా చెప్పారు, రాసిన రేటు అప్పుడప్పుడు మాయమవుతోందని. దాన్ని మేము పెద్దగా పట్టించుకోలేదు, క్రాష్ అయినప్పుడు సేవ్ కాలేదేమో అనుకున్నాం.

యాప్ పడినప్పుడల్లా రిపోర్టు చూపించే క్రాష్‌లిటిక్స్ తెరిస్తే మూడు రకాలు కనబడ్డాయి. ఒకటి లిస్టును స్క్రీన్ మీద చూపించే రీసైక్లర్‌వ్యూ నుంచి, ‘ఇన్‌కన్సిస్టెన్సీ డిటెక్టెడ్’ అని మొదలయ్యేది, అంటే లిస్టులో లేని వరసను అడిగారని. రెండోది ఎస్‌క్యూలైట్ నుంచి, ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’, కోడ్ 5. మూడోది, అప్పటికే మూసేసిన డేటాబేస్‌ను మళ్ళీ తెరవబోతున్నారని. స్టాక్ ట్రేసుల్లో (పడే ముందు ఏ కోడ్ ఏ కోడ్‌ను పిలిచిందో చెప్పే జాబితాల్లో) మన కోడ్ ఒకటో రెండో లైన్లు, మిగతాదంతా ఆండ్రాయిడ్ లోపలి సంత.

పడే చోట్లు వేరు కాబట్టి మూడు వేరువేరు జబ్బులు అనుకున్నాం, తలా ఒకటి పంచుకున్నాం. ఇప్పుడు చూస్తే మొదటి తప్పు అక్కడే. మూడు క్రాష్‌ల టైములనూ పక్కపక్కన పెట్టి చూద్దామన్న ఆలోచన ఆ వారం ఎవరికీ రాలేదు. టూల్ ఒక్కో క్రాష్‌ను ఒక్కో పేజీగా చూపిస్తుంది, మన బుర్ర కూడా అలాగే గడులు గీసుకుంటుంది.

చేసి చెడగొట్టినవి

ఆఫీసులో ఎంత కొట్టినా పడలేదు. మా దగ్గర వైఫై, మంచి ఫోన్, టెస్ట్ డేటాలో 40 లాట్లు. పడకపోయేసరికి నేరం ఫోన్ల మీదికి నెట్టాం. యార్డులో వాడేవాటిలో సగానికి పైగా తక్కువ ర్యామ్ ఉన్న గో ఎడిషన్ ఫోన్లు, మెమరీ చాలక పడుతోందేమో అని సేటుకు చెప్పాం. ఆయన రెండు కొత్త ఫోన్లు కొన్నాడు. వాటిలో లాక్ క్రాష్ రాలేదు కానీ లిస్టు క్రాష్ మరుసటి రోజే వచ్చింది. ఆ తేడాలోనే సగం జవాబు ఉంది, కానీ ఆ రోజు మాకు కనబడింది ‘కొత్త ఫోన్లలో కూడా పడింది’ అన్న ఒక్క ముక్కే. సేటుకు ఏం సమాధానం చెప్పాలన్న టెన్షన్‌లో ఇంకేమీ కనబడలేదు.

తర్వాత చేసింది ఇంకా ఘోరం. రీసైక్లర్‌వ్యూ క్రాష్‌కు నెట్‌లో అందరూ చెప్పే మందు ఒకటుంది. వరసలను పేర్చే లేఅవుట్ మేనేజర్‌ను మనమే రాసుకుని, లిస్టు గీసే ఫంక్షన్ చుట్టూ ట్రై-క్యాచ్ పెట్టి, ఆ ఎర్రర్‌ను మింగేయడం. పెట్టాం. ఆ సాయంత్రానికి క్రాష్‌లిటిక్స్ గ్రాఫ్ నేలకు దిగింది, మేము ఇరానీ చాయ్ తాగి ఇళ్ళకు పోయాం.

మూడో రోజు ఒక గుమాస్తా లిస్టులో 212 లాట్ మీద వేలు పెట్టాడు, తెరుచుకుంది 219. చేతిలో పని ఎక్కువ, పై నంబర్ చూసుకోలేదు, రేటు రాసేశాడు. తక్‌పట్టీ ప్రింట్ కొట్టబోతుంటే ఆ రైతే ఆపాడు, "నాయి పద్నాలుగు బస్తాలె, గీ ముప్పై ఎనిమిది ఎవలియి?" అని. బస్తాల లెక్క దగ్గరదగ్గరగా ఉండి ఉంటే ఆయన ఆపేవాడు కాదు, ఒక రైతు డబ్బు ఇంకో రైతుకు పోయేది. జరిగిందేమిటంటే, ఎర్రర్‌ను మింగేశాం కాబట్టి స్క్రీన్ మీద పాత వరసలే ఉండిపోయాయి, కింద ఉన్న లిస్టు మాత్రం మారిపోయింది, వేలు పెట్టిన చోటు ‘ఎన్నో వరస’ అన్న లెక్కతో కొత్త లిస్టులోకి వెళ్ళింది. పడిపోయే యాప్ కనీసం నేను పడ్డాను అని చెప్తుంది. ఆ రాత్రే ఆ ట్రై-క్యాచ్ తీసేసి, క్రాష్ అయ్యే పాత వెర్షన్‌నే మళ్ళీ పంపాం. సేటుకు కారణం వివరించడానికి నోరు రాలేదు, అయినా చెప్పాను.

లాక్ సంగతి ఇంకొకరు చూశారు. ఇద్దరు ఒకేసారి రాస్తే లాక్ వస్తోంది కాబట్టి, డేటాబేస్ ముట్టుకునే ప్రతి ఫంక్షన్‌కూ ఒకే తాళం వేశారు, ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట ఆగాలి. తర్కం బాగానే ఉంది. కానీ పాత కోడ్‌లో కొన్ని చోట్ల స్క్రీన్‌ను నడిపే మెయిన్ థ్రెడ్ నుంచే డేటాబేస్ చదివేవాళ్ళు. సింక్ లోపలుంటే మెయిన్ థ్రెడ్ బయట నిలబడింది, వేలు పెట్టి 5 సెకన్లు దాటితే ఆండ్రాయిడ్ ‘యాప్ స్పందించడం లేదు’ అని డబ్బా చూపిస్తుంది. లాక్ క్రాష్ పోయి ఆ డబ్బా వచ్చింది.

చివరికి విసుగొచ్చి, మార్కెట్ నడిచే వేళల్లో సింక్ ఆపేసి చూశాం. ఒక్క క్రాష్ లేదు. రేట్లూ లేవు! సగం పూటకే సేటు తిట్టి మళ్ళీ పెట్టించాడు. కానీ ఇన్ని రోజుల్లో పనికొచ్చిన ప్రయోగం ఇదే. సింక్ లేకపోతే మూడూ పోయాయి. మూడు జబ్బులు కాదన్నమాట.

చిట్టాలో గుండ్రాలు

అప్పటిదాకా మేము యార్డుకు వెళ్ళలేదు, హనుమకొండ నుంచి ఎంత దూరమని. ఒక పొద్దున ఆరింటికే వెళ్ళి కూర్చున్నాను. ఘాటుకు మొదటి పావుగంట దగ్గుతూనే ఉన్నాను, పక్కన హమాలీలు నవ్వుకున్నారు. నేను కూర్చున్నది ఒక పెద్దాయన దగ్గర, ముప్పై ఏళ్ళుగా గుమాస్తా పని చేస్తున్నాడు. ఫోన్ వాడతాడు కానీ నమ్మడు, పక్కనే బారెడు చిట్టా పెట్టుకుని రెండింట్లోనూ రాస్తాడు. వేళ్ళకు ఎర్రటి దుమ్ము, స్క్రీన్ తాకే ముందు ప్రతిసారీ బొటనవేలు చొక్కాకు తుడుచుకుంటాడు.

యాప్ ఎప్పుడు పడుతుంది కాకా అని అడిగితే, ఆలోచించకుండానే చెప్పాడు. "గీకుతుంటెనే బందైతది బిడ్డా. ఊకె ఉంటె కాదు. జెండా పాట అయినంక ఒక్క నిమిషం ఆగి తీస్తె మంచిగనె నడుస్తది." చిట్టా నా వైపు తిప్పాడు. కొన్ని లాట్ నంబర్ల చుట్టూ పెన్నుతో చిన్న గుండ్రాలు ఉన్నాయి. యాప్ పడి మళ్ళీ రాయాల్సి వచ్చిన లాట్లకు గుర్తు పెట్టుకున్నాడు, సాయంత్రం సరిచూసుకోవడానికి. గుండ్రాలు పేజీ అంతా చల్లినట్టు లేవు, ఒక్కో చోట మూడు నాలుగు గుంపుగా ఉన్నాయి. ఆ రోజు తేజకు, వండర్ హాట్‌కు, చపాటాకు విడివిడిగా జెండా పాట అయింది. గుంపులూ మూడే.

పది రోజుల పేజీలు ఫోటో తీసుకున్నాను. రేటు మొదట రాసిన టైము సర్వర్‌లో ఉంటుంది కాబట్టి గుండ్రం ఉన్న ప్రతి లాట్‌నూ మెసేజ్ వెళ్ళిన టైముతో కలిపి చూశాం. నాలుగైదు తప్ప అన్నీ మెసేజ్ వెళ్ళిన అర నిమిషం లోపలే ఉన్నాయి.

ఇప్పుడు ఆలోచించడానికి ఒక దారి దొరికింది. ఊరికే ఉంటే పడదు, గీకితేనే (లిస్టును వేలితో జరిపితేనే) పడుతుంది అంటే ఏమిటి? లిస్టు కదలనంతసేపూ రీసైక్లర్‌వ్యూ కొత్త వరసలు అడగదు. గీకితే అడుగుతుంది. అడిగే ముందు ‘మొత్తం ఎన్ని?’ అని లెక్క తీసుకుంటుంది, తర్వాత ‘ఫలానా నంబర్ ఇవ్వు’ అంటుంది. ఆ రెండు ప్రశ్నల మధ్య ఎవరో లిస్టును మారుస్తున్నారు. స్టాక్ ట్రేస్ అడిగినవాడి పేరే చెప్తుంది, మార్చినవాడు ఆ పాటికి పని ముగించుకుని పోయి ఉంటాడు. మేము ఇన్ని రోజులూ అడిగినవాడిని కొడుతున్నాం.

ఆఫీసులో పట్టుకోవడం

డేటాబేస్‌నూ లిస్టునూ ముట్టుకునే ప్రతి చోటా థ్రెడ్ పేరు, మిల్లీసెకన్లతో టైము లాగ్ చేశాం. తర్వాత ఒక ‘చిత్రహింసల బిల్డ్’ తయారుచేశాం. సింక్ 15 నిమిషాలకు కాదు, 2 సెకన్లకోసారి. ఒక్కో లాట్ రాశాక కావాలనే 50 మిల్లీసెకన్లు నిద్ర. డేటాలో 600 లాట్లు. నెట్‌వర్క్ కావాలని నెమ్మది. ఫోన్ సేటు దగ్గర నుంచి తెచ్చిన గో ఎడిషన్‌దే. ఆండ్రాయిడ్‌తో వచ్చే మంకీ టూల్‌కు స్క్రీన్ అప్పజెప్పి గీకమన్నాం. నిమిషం తిరక్కుండా పడింది, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ పడింది. మూడు వారాలుగా మా ఆఫీసులో పడని యాప్ అడిగినప్పుడల్లా పడుతుంటే ఎంత హాయిగా ఉందో ఈ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది.

లాగ్ చదివితే మా ‘సగం’ బయటపడింది. స్క్రీన్లు రూమ్ ద్వారా చదువుతున్నాయి, సింక్ మాత్రం పాత హెల్పర్ ద్వారా రాస్తోంది. ఒకే ఫైల్‌కు రెండు తలుపులు, ఒక తలుపులో ఉన్నవాడికి ఇంకో తలుపు సంగతి తెలియదు.

సింక్ చేసే పని ఇది. ముందు ఆ రోజు లాట్లన్నీ తుడిచేస్తుంది. తర్వాత సర్వర్ నుంచి వచ్చినవి ఒక్కొక్కటిగా ఇన్సర్ట్ చేస్తుంది, ట్రాన్సాక్షన్ (అన్నిటినీ కలిపి ఒకే పనిగా రాయడం) లేకుండా. ట్రాన్సాక్షన్ పెట్టకపోతే ఎస్‌క్యూలైట్ ప్రతి ఇన్సర్ట్‌నూ ఒక ట్రాన్సాక్షన్‌గా తీసుకుని, అది నిజంగా డిస్కుకు చేరిందాకా ఆగుతుంది. చవక ఫోన్లలో 600 లాట్లకు మాకు 9 సెకన్ల దాకా పట్టింది. ఆ 9 సెకన్లూ లిస్టు ఖాళీ, పావు, సగం, ముప్పావు. మధ్యమధ్యలో, 50 లాట్లకోసారి, లిస్టును మళ్ళీ నింపమని ఒక కాల్‌బ్యాక్ వెళ్తోంది, అది స్క్రీన్ వాడుతున్న అదే అర్రేలిస్ట్‌ను బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ నుంచే ఖాళీ చేసి నింపుతోంది, స్క్రీన్‌కు కబురు తర్వాత వెళ్తోంది. రీసైక్లర్‌వ్యూ ఏడవకేం చేస్తుంది. రాసిన రేటు మాయమవడం కూడా ఇక్కడిదే. గుమాస్తా రాసి ఇంకా సర్వర్‌కు చేరని రేటు ఆ తుడుపులో పోయేది. ఈ ఫిర్యాదును మొదటి రోజే సీరియస్‌గా తీసుకుని ఉంటే ‘ఎవరు తుడుస్తున్నారు’ అన్న ప్రశ్నకు ఎప్పుడో చేరేవాళ్ళం.

లాక్‌కు కారణం లాట్లు కాదు, కాంటా (తూకాల) టేబుల్. దానికి మాత్రం ట్రాన్సాక్షన్ ఉంది, కానీ ట్రాన్సాక్షన్ తెరిచాక దాని లోపల కూర్చుని సర్వర్ నుంచి పేజీ పేజీ డౌన్‌లోడ్ చేస్తున్నారు! మా వైఫై మీద రెప్పపాటు పని. జెండా పాట అయిన క్షణంలో, వందల ఫోన్లు ఒకే టవర్‌కు వేలాడే చోట, అది ఆరేడు సెకన్లు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా ట్రాన్సాక్షన్ మొదలుపెడితే అది ఎక్స్‌క్లూజివ్ (ఒక్కరికే సొంతం), వాల్ మోడ్ (మార్పులను ముందు పక్క ఫైల్‌లో రాసే పద్ధతి) లేకపోతే ఇంకో కనెక్షన్ చదవడానికి కూడా వీల్లేదు. చదివేవాడు రెండున్నర సెకన్లు చూసి, లాక్డ్ అని చెప్పి పడిపోతాడు.

మరి కొత్త ఫోన్లలో ఈ క్రాష్ ఎందుకు రాలేదు? రూమ్‌కు జర్నల్ మోడ్ (మార్పులను ఫైల్‌లో ఎలా రాయాలో చెప్పే పద్ధతి) మనం చెప్పకపోతే అదే ఎంచుకుంటుంది. మామూలు ఫోన్లలో వాల్, తక్కువ ర్యామ్ అని గుర్తున్న ఫోన్లలో ట్రంకేట్. వాల్‌లో ఒకడు రాస్తుంటే మిగతావాళ్ళు అంతకు ముందున్న డేటాను నిమ్మళంగా చదువుకోవచ్చు. ట్రంకేట్‌లో కుదరదు. అంటే మా ఆఫీసు ఫోన్ వాల్‌లో, గుమాస్తాల ఫోన్లు ట్రంకేట్‌లో నడుస్తున్నాయి. యాప్ ఒకటే, డేటాబేస్ నడక వేరు. ఇది కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు, రూమ్ డాక్యుమెంట్లలో ఒక్క వాక్యం.

మూడో క్రాష్ చాలా చిన్నది. సింక్ అయిపోయాక హెల్పర్‌ను క్లోజ్ చేస్తోంది, తెరిచింది మూయాలని మనకు కాలేజీలో నేర్పిన మంచి అలవాటు. ఆ హెల్పర్‌నే తక్‌పట్టీ ప్రింట్ స్క్రీన్ కూడా వాడుతోంది.

మార్చినవి

ముందు లిస్టు. స్క్రీన్‌కు ఎవరూ మార్చలేని కాపీ మాత్రమే ఇవ్వాలని నిర్ణయించాం. లిస్ట్‌అడాప్టర్‌కు మార్చాం, కొత్త లిస్టు వస్తే డిఫ్‌యుటిల్ బ్యాక్‌గ్రౌండ్‌లో తేడాలు లెక్కగట్టి, మెయిన్ థ్రెడ్ మీద ఒక్కసారే మారుస్తుంది. వేలు పెట్టినప్పుడు వరస నంబర్ కాకుండా లాట్ ఐడీ తీసుకునేలా మార్చాం. ఇది క్రాష్‌కు సంబంధం లేని మార్పే, కానీ 212 నొక్కితే 219 తెరుచుకున్న తర్వాత ఇది లేకుండా రిలీజ్ చేయనన్నాను. రేటు రాసే డబ్బా పైన రైతు పేరు, బస్తాల లెక్క పెద్ద అక్షరాల్లో పెట్టాం.

తర్వాత తలుపులు. పాత హెల్పర్‌ను తీసేసి అంతా రూమ్‌లోకి, ఒకే డేటాబేస్ ఆబ్జెక్ట్, దాన్ని ఎవరూ మూయరు. గో ఫోన్లలో కూడా వాల్ ఉండాలని మోడ్‌ను మేమే చెప్పాం. రూమ్ ఊరికే ట్రంకేట్ ఎంచుకోదు కదా, తక్కువ ర్యామ్‌లో కనెక్షన్లు పెరిగితే మెమరీ పెరుగుతుంది, అందుకని రెండు రోజులు గో ఫోన్ మీద నడిపి మెమరీ చూసి, మా టేబుళ్ళకు పర్వాలేదని తేలాకే పెట్టాం.

సింక్‌లో డౌన్‌లోడ్ అంతా ముందు, ట్రాన్సాక్షన్ తర్వాత. తుడవడం తీసేశాం, ఉన్నది మార్చాలి, లేనిది చేర్చాలి. ఇక్కడ ఇంకోసారి కాలు జారింది. తేలిక అని ముందు ‘ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్’ పెట్టాం. చిత్రహింసల బిల్డ్‌లో లాట్లు బాగానే ఉన్నాయి, కాంటా వరసలు మాయం. రీప్లేస్ అంటే మార్చడం కాదు, పాత వరసను తీసేసి కొత్తది పెట్టడం. కాంటా టేబుల్‌కు ఫారిన్ కీ మీద క్యాస్కేడ్ ఉంది, లాట్ పోగానే దాని తూకాలన్నీ పోయాయి. ఇది యార్డుకు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడం ఇష్టం లేదు. ఎస్‌క్యూలైట్‌లో అసలైన అప్‌సర్ట్ (ఉంటే మార్చు, లేకపోతే చేర్చు) 3.24 వెర్షన్ నుంచే ఉంది, ఆండ్రాయిడ్ 10 దాకా ఫోన్లలో వచ్చేది అంతకన్నా పాతది, కాబట్టి నేరుగా రాస్తే సగం ఫోన్లలో పనిచేయదు. రూమ్ 2.5 నుంచి ఉన్న అప్‌సర్ట్ ముందు ఇన్సర్ట్ ప్రయత్నించి కుదరకపోతే అప్‌డేట్ చేస్తుంది, అది వాడాం. ఇంకా సర్వర్‌కు చేరని రేటు ఉన్న లాట్‌కు ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తున్న రేటును సింక్ ముట్టకూడదన్నాం.

చివరిగా గుంపు. మెసేజ్ అందగానే 19 ఫోన్లూ ఒకేసారి సర్వర్ మీద పడటం ఎందుకు? అప్పుడు గుమాస్తాకు కావలసింది జెండా పాట ధర ఒక్కటే, అది నాలుగు అంకెలో ఐదు అంకెలో. ఫైర్‌బేస్ మెసేజ్‌లో 4 కేబీ దాకా పడుతుంది, ధర అందులోనే పంపేశాం. పూర్తి సింక్‌ను ఒక్కో ఫోన్‌లో 20 సెకన్ల లోపు ఎప్పుడో ఒకప్పుడు మొదలయ్యేలా చెదరగొట్టాం. రెండు సింక్‌లు ఒకేసారి నడవకుండా వర్క్‌మేనేజర్‌లో ఒకే పేరు ఇచ్చాం, ఒకటి నడుస్తుంటే కొత్తది వెనక వరసలో నిలబడుతుంది. కొత్తదాన్ని వదిలేయమని కూడా చెప్పొచ్చు, కానీ నడుస్తున్న సింక్ డౌన్‌లోడ్ అయ్యాక సర్వర్‌లో మారింది పోతుంది, అందుకని వద్దనుకున్నాం.

వాల్ పెట్టిన మొదటి రోజు సగం పూట ఉత్తినే పోయింది, మీది పోకూడదని చెప్తున్నాను. ఫోన్ నుంచి డేటాబేస్ ఫైల్ లాగి చూస్తే ఆఖరి రేట్లు లేవు, సింక్ మళ్ళీ తినేసిందని తల పట్టుకున్నాను. వాల్‌లో కొత్త డేటా కొంతసేపు పక్కనున్న వాల్ ఫైల్‌లోనే ఉంటుంది, నేను అసలు ఫైల్ ఒక్కటే కాపీ చేశాను. మూడు ఫైళ్ళూ కలిపి తీసుకోండి.

ఆ తర్వాత

కొత్త వెర్షన్ 19 ఫోన్లకూ ఒకేసారి ఇవ్వలేదు. చిట్టా కాక ఫోన్, ఇంకో రెండు, వారం రోజులు. క్రాష్ గ్రాఫ్‌ను నమ్మే రోజులు పోయాయి కాబట్టి, వేలు పెట్టిన లాట్, తెరుచుకున్న లాట్ వేరైతే లెక్కపెట్టే ఒక కౌంటర్ కూడా పెట్టాం. వారంలో అది సున్నా దాటలేదు. అప్పుడు మిగతా ఫోన్లకు వాట్సాప్‌లో పంపాం, రెండు ఫోన్లలో పాత వెర్షనే ఉండిపోయిందని పది రోజుల తర్వాత గమనించాం, అది వేరే తలనొప్పి.

సీజన్ ముగిసేదాకా లిస్టు క్రాష్, మూసేసిన డేటాబేస్ క్రాష్ మళ్ళీ రాలేదు. లాక్ మాత్రం ఇంకో రెండుసార్లు వచ్చింది. వెతికితే, నెలాఖరు లెక్కల స్క్రీన్‌లో ఎప్పటిదో ఒక లైన్ పాత పద్ధతిలో ఫైల్‌ను నేరుగా తెరుస్తోంది. మూడో తలుపు. దాన్ని మూశాక, ప్రాజెక్ట్ మొత్తంలో డేటాబేస్ తెరిచే పిలుపు ఒక్క చోట తప్ప ఇంకెక్కడ కనబడినా బిల్డ్ ఆగిపోయేలా చిన్న చెక్ రాశాం, అది మొదటి రోజే రాసుకోవలసింది.

ఈసారి యార్డుకు వెళ్ళినప్పుడు కాక చిట్టా అడిగి చూశాను. గుండ్రాలు లేవు. చిట్టా మాత్రం ఉంది, రెండింట్లోనూ రాస్తూనే ఉన్నాడు. ఇంకా ఎందుకు కాకా అంటే, "నీ యాప్ మంచిగనె ఉన్నది బిడ్డా, ప్రింటర్ల కాయిదం అయిపోతె ఏం జెయ్యాలె?" అన్నాడు.